కెర్నెల్ నుంచి కబురు

పోయిన సంక్రాంతికి మా అక్క కొడుకు బెంగళూరు నుంచి పెద్దపంజాణికి వచ్చాడు. నేనూ మదనపల్లె నుంచి వెళ్లాను. కనుమ నాడు, ఇంకా కోడి కూయకముందే, వాడి ఫోను రెండుసార్లు టింగుమంది. పక్క గదిలో పడుకున్న మా అమ్మ లేచి కూర్చుంది.

"ఎవురికేమయిందిరా అబ్బోడా?"

మా అమ్మ కాలంలో వేళ కాని వేళ వచ్చే కబురంటే టెలిగ్రామే. టెలిగ్రామంటే ఎవరో పోయినట్టే. ఆ టెలిగ్రామును 2013 జులైలో ప్రభుత్వం మూసేసింది గానీ మా అమ్మ గుండెలో అది ఇంకా మూతపడలేదు.

"ఎవురికీ ఏమీ కాలేదవ్వా. కెర్నెల్లో కంత పడిందంట. పూడ్చమని కబురు పంపినారు" అన్నాడు వాడు, కళ్లు నులుముకుంటూ లాప్‌టాప్ తెరుస్తూ.

"యాడ పడింది? చెరువు కట్టకా?"

మేమిద్దరం నవ్వాం. తర్వాత ఆలోచిస్తే నవ్వాల్సిన మాట కాదనిపించింది. ఎండ్రకాయ కంతే కదా అని వదిలేస్తే కట్టకు ఏమవుతుందో చెరువు కింద మడి ఉన్నవాళ్లకు తెలుసు. మా అమ్మకు కెర్నెల్ అంటే ఏమిటో తెలియదు. కంత అంటే ఏమిటో మాత్రం మా ఇద్దరికన్నా బాగా తెలుసు.

మావాడు బెంగళూరులో ఒక కంపెనీలో సర్వర్లు చూసుకునే ఉద్యోగం చేస్తున్నాడు. కెర్నెల్‌లో ఏదైనా భద్రతా లోపం బయటపడి, దానికి సవరణ వచ్చిందంటే ఆ కబురు వాడి ఫోనుకు వస్తుంది. పండగయినా, పెళ్లయినా, తెల్లవారుజామయినా సరే. ఆ రోజు వాడు గంటన్నర సేపు కూర్చుని, అక్కడెక్కడో ఉన్న యంత్రాలను ఒక్కొక్కటిగా ఆపి, లేపి, సరిచూసుకుని, అప్పుడు పశువుల కొమ్ములకు రంగులు వేయడానికి వచ్చాడు. ఆలోపల నేను వాడి పక్కన కూర్చుని తిన్న బుర్రే ఈ వారం మీ ముందుకు తెస్తున్నాను.

కెర్నెల్ అంటే ఇంగ్లిషులో గింజ లోపలి పప్పు. శెనక్కాయ పైడొల్లను షెల్ అంటారు, లోపలిదాన్ని కెర్నెల్ అంటారు. కంప్యూటరువాళ్లు ఈ రెండు మాటలనూ అలాగే తీసుకుని వాడుకున్నారు. మనం ఆజ్ఞలిచ్చే పైభాగం షెల్, లోపల కూర్చుని అసలు పని చేసేది కెర్నెల్. శెనక్కాయలు పండించే మా పడమటి మండలాలవాళ్లకు దీన్ని ఇంతకన్నా విడమరచి చెప్పక్కర్లేదు. కొనేవాడు కాయ రంగు చూసి ధర కట్టడు. పిడికెడు తీసి, ఒలిచి, పప్పు చూస్తాడు. పుచ్చు ఉంటే లోపలే ఉంటుంది మరి.

ఇంతకూ ఆ పప్పు చేసే పనేమిటి? మీ ఫోనులో ఏ యాప్ కూడా సొంతంగా కెమెరాను ముట్టుకోలేదు. మైకును ముట్టుకోలేదు. పక్క యాప్ దాచుకున్నదాన్ని చూడలేదు. ఏది కావాలన్నా కెర్నెల్‌ని అడగాలి. ఇవ్వొచ్చో లేదో చూసి, ఇవ్వొచ్చంటేనే అది ఇస్తుంది. మీరు భక్తిపాటల యాప్ పెట్టుకుంటే అది మీ బ్యాంకు యాప్‌లోకి తొంగి చూడకుండా ఆపేది ఇదే. మిగతా యాప్‌లో లోపముంటే ఆ యాప్ వరకే నష్టం. కెర్నెల్‌లోనే లోపముంటే ఇక ఆపేవాడే లేడు. అందుకే దాని పేరు మీద కబురొస్తే మావాడు పండగ పూటయినా లేస్తాడు.

ఆండ్రాయిడ్ ఫోన్లన్నిటి లోపలా, ప్రపంచంలోని సర్వర్లలో చాలావాటి లోపలా ఉన్నది లినక్స్ కెర్నెల్. 1991లో ఫిన్లాండ్‌లో చదువుకుంటున్న లీనస్ టోర్వాల్డ్స్ అనే ఇరవయ్యొక్కేళ్ల కుర్రాడు మొదలుపెట్టాడు. 2025 నాటికి అది సుమారు 4 కోట్ల వరుసలకు పెరిగింది. ప్రపంచం నలుమూలల నుంచీ వేలమంది రాస్తున్నారు. 4 కోట్ల వరుసలు మనుషులు రాస్తే తప్పులు లేకుండా ఉంటాయా? నాలుగు వరుసల పెళ్లిపత్రికలోనే అత్తారి ఊరి పేరు తప్పు పడుతుంది.

కబురులో ఏముంటుందో చూపించమన్నాను. పెద్దగా ఏమీ ఉండదు. ముందు ఒక నంబరు. లోకంలో బయటపడిన ఇలాంటి ప్రతి లోపానికీ సీవీఈ అనే మూడక్షరాలతో మొదలయ్యే ఒక నంబరు ఇస్తారు. 1999లో మొదలైన పద్ధతి ఇది. తర్వాత లోపం ఏ భాగంలో ఉంది, దానితో దొంగ ఏం చేయగలడు, ఏ వెర్షన్‌లో సరిచేశారు అన్న మూడు నాలుగు వాక్యాలు. చివర, వెంటనే మార్చుకోమని సలహా. చాలాసార్లు కనిపెట్టినవారి పేరు కూడా ఉంటుంది. అది నాకు నచ్చింది. తప్పు చేసినవాడి పేరు కాకుండా పట్టుకున్నవాడి పేరు వేసే లోకం ఒకటుందన్నమాట.

2024 ఫిబ్రవరి నుంచి ఈ నంబర్లను లినక్స్ కెర్నెల్ బృందమే స్వయంగా ఇవ్వడం మొదలుపెట్టింది. అప్పటినుంచి చిన్నదీ పెద్దదీ అన్నీ లెక్కలోకి వచ్చి ఏడాదికి వేల నంబర్లు పడుతున్నాయి. "అన్నీ చదువుతావా?" అంటే మావాడు నవ్వాడు. "చదవలేం మామా. అన్నిటికీ కలిపి ఒకటే మందు, కొత్త కెర్నెల్ ఎక్కించడం. కాకపోతే ఏది రేపటిదాకా ఆగుతుంది, ఏది ఆగదు అన్నది కనిపెట్టుకోవల్ల. జీతం దానికే ఇస్తారు."

ఆగనిదానికి ఒక ఉదాహరణ చెప్పమంటే వాడు చెప్పిన పేరు విని మా అమ్మ మళ్లీ తలుపు దగ్గరికి వచ్చింది. డర్టీ కౌ. మురికి ఆవు! పుంగనూరు పొట్టి ఆవులు పుట్టిన సీమలో, అదీ కనుమ నాడు, ఆవును పట్టుకుని ఆ మాట అనవచ్చా? ఇది ఆ ఆవు కాదని నచ్చజెప్పేసరికి తాతలు దిగొచ్చారు.

కాపీ ఆన్ రైట్ అనే మూడు మాటల మొదటి అక్షరాలు కలిపితే వచ్చిన ఆవు అది. సంగతేమిటంటే, కెర్నెల్ పొదుపరి. ఒకే కాగితాన్ని పదిమంది చదవాలనుకుంటే పది నకళ్లు తీయదు. అసలునే అందరికీ చూపిస్తుంది. అందులో ఎవడైనా దిద్దుతానంటే అప్పుడు మాత్రం వాడికొక నకలు తీసిచ్చి, నీ ఇష్టం వచ్చినట్టు దీనిమీద రాసుకో అంటుంది. మండలాఫీసులో అడంగల్ లాంటిదనుకోండి. ఎవరైనా చూడొచ్చు, నకలు తీసుకెళ్లి దానిమీద లెక్కలు వేసుకోవచ్చు, అసలు మీద మాత్రం కలం పెట్టకూడదు. డర్టీ కౌ అన్న లోపమేమిటంటే, నకలు చేతికిచ్చే ఆ రెప్పపాటులో ఒకవైపు నకలు పారేయమని, ఇంకోవైపు రాస్తానని వెంటవెంటనే వేలసార్లు అడుగుతూ పోతే కెర్నెల్ తికమకపడి, ఏదో ఒకసారి అసలు మీదే రాయనిచ్చేస్తుంది. అసలు అడంగల్‌లో పేరు మారితే ఏమవుతుందో రైతు కుటుంబాలకు నేను చెప్పాలా?

ఆ కంత 2007లో వచ్చిన వెర్షన్ నుంచి ఉంది. 2016 అక్టోబరులో గానీ పూడలేదు. తొమ్మిదేళ్లు! అది కూడా ఫిల్ ఓస్టర్ అనే ఆయన తన సర్వరుకు వచ్చిపోయే రాకపోకలను భద్రంగా దాచుకునే అలవాటున్న మనిషి కాబట్టి, ఎవరో దొంగ అప్పటికే దాన్ని వాడుతున్న ఆనవాళ్లు అందులో దొరికాయి. అన్నిటికన్నా నాకు ఆశ్చర్యమనిపించింది ఇంకొకటి. పదకొండేళ్ల క్రితమే ఈ లోపాన్ని తాను ఒకసారి సరిచేయబోయాననీ, సరిగా చేయలేకపోయాననీ, ఆ సవరణను తర్వాత వెనక్కి తీసుకున్నారనీ టోర్వాల్డ్స్ స్వయంగా, ఆ సవరణతో పాటే, అందరూ చదివేచోట రాసిపెట్టాడు. మన దగ్గర కల్వర్టు కూలితే కట్టినవాడు ఇలా రాసిపెట్టగా నేను చూడలేదు.

ఇక్కడే ఒక చిక్కు. సవరణ ప్రకటించగానే దాన్ని మంచివాళ్లొక్కరే చదవరు. కొత్తగా సిమెంటు పూసిన చోటు చూస్తే గోడకు కన్నం ఎక్కడుండేదో దొంగకూ తెలుస్తుంది. మా గోడకు పూసుకున్నాం, మీ గోడకు పూసుకోండి అని ఊరంతా చాటించిన రోజే, ఇంకా పూసుకోని ఇళ్లేవో వెతుక్కుంటూ వాడు బయల్దేరతాడు. అందుకే లోపం కనిపెట్టినవాళ్లు ముందు గుట్టుగా తయారీదారుకు చెబుతారు. గూగుల్‌లో ఇదే పనిమీద ఉండే ప్రాజెక్ట్ జీరో అనే బృందం మామూలుగా 90 రోజుల గడువిస్తుంది. చాలాసార్లు సవరణ సిద్ధమయ్యాకే చాటింపు. చాటింపు అయ్యాక మాత్రం అది మనకూ దొంగకూ మధ్య పరుగు పందెం.

ఆ పందెంలో ఓడిన కథ మన జిల్లాదే ఒకటుంది. 2017 మే 12, శుక్రవారం. వానాక్రై అనే ఏడుపుగొట్టు పేరున్న వైరస్ ఒకటి ప్రపంచం మీద పడింది. కంప్యూటర్లలోని ఫైళ్లన్నిటికీ తాళం వేసి, 300 డాలర్లు బిట్‌కాయిన్లలో కడితేనే తీస్తానంది. మూడు రోజుల్లో కట్టకపోతే రెట్టింపు. నూట యాభై దేశాల్లో 2 లక్షలకు పైగా కంప్యూటర్లు దాని పాలబడ్డాయి. ఇంగ్లండులో ఆస్పత్రులు రోగులను వెనక్కి పంపాయి. మర్నాటికి మన వార్త వచ్చింది: ఆంధ్రప్రదేశ్‌లో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల్లో 18 పోలీసు విభాగాల కంప్యూటర్లకు అది సోకిందని. దొంగల్ని పట్టేవాళ్ల ఇంట్లోనే దొంగ పడ్డాడని ఊళ్లో జనం నవ్వుకున్నారు. నవ్వే పని కాదు. ఆస్పత్రులూ కర్మాగారాలూ పడ్డ గోతిలోనే వాళ్లూ పడ్డారు.

ఆ లోపం విండోస్‌లో ఫైళ్లు పంచుకునే భాగంలో ఉండేది. విండోస్‌లో ఆ భాగం కెర్నెల్ గడప లోపలే పని చేస్తుంది. అందుకే ఎవరూ ఏ మీటా నొక్కకుండానే ఒక కంప్యూటరు నుంచి ఇంకోదానికి పాకింది. అసలు ఆ కన్నం వేసే పనిముట్టు అమెరికా గూఢచారి సంస్థ ఎన్ఎస్ఏ తన కోసం తయారు చేసుకున్నదే. దాన్ని ఎవరో దొంగిలించి 2017 ఏప్రిల్‌లో బజారున పెట్టారు. చివరకు ఇంగ్లండులో మార్కస్ హచిన్స్ అనే ఇరవై రెండేళ్ల కుర్రాడు, ఆ వైరస్ పదే పదే వెతుకుతున్న ఒక వెబ్ చిరునామా ఎవరి పేరునా లేదని గమనించి, పది డాలర్ల చిల్లరకు దాన్ని కొన్నాడు. దాంతో అది చాలావరకు ఆగిపోయింది.

ఇదంతా అప్పట్లో మీరు చదివే ఉంటారు. నేనూ చదివాను. నాకు తెలియనిది ఇది: ఆ కంతకు అతుకును మైక్రోసాఫ్ట్ 2017 మార్చి 14నే పంపేసింది. అంటే దొంగ రావడానికి దాదాపు రెండు నెలల ముందే. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగాయని మన సామెత. ఇక్కడ కుక్క రెండు నెలల ముందే మొరిగింది. ఇంటిల్లిపాదీ నిద్ర చెడగొడుతోందని దాన్నే కసిరారు. తెర మూలన చిన్న పసుపు రంగు బొమ్మ, "అప్‌డేట్లు సిద్ధంగా ఉన్నాయి, ఇప్పుడు రీస్టార్ట్ చేయమంటారా?" అని. కౌంటరు ముందు జనం ఉంటారు. ఫైలు సగంలో ఉంటుంది. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. "తర్వాత" అని నొక్కుతాం. ఎవరైనా అంతే.

కెర్నెల్ విషయంలో ఈ "తర్వాత" మరీ ఎక్కువ. ఎందుకంటే మిగతా ప్రోగ్రాములను మార్చాలంటే ఆ ఒక్కదాన్ని ఆపి మళ్లీ మొదలుపెడితే చాలు. కెర్నెల్ మారాలంటే యంత్రం మొత్తం ఒకసారి ఆగి లేవాలి. ఆపకుండానే అతుకు వేసే విద్య ఒకటుంది గానీ అది అన్ని కంతలకూ పనికిరాదు, మన ఫోన్లలో అసలే ఉండదు. అతుకు దిగుమతి చేసుకుని రీస్టార్ట్ చేయకుండా వదిలేస్తే సిమెంటు బస్తా తెచ్చి గోడ పక్కన పెట్టుకున్నట్టే.

మా ప్రాంతానికి కంప్యూటరు కొత్తేమీ కాదు. 2002లోనే కుప్పంలో హెచ్‌పీ కంపెనీ, రాష్ట్ర ప్రభుత్వం కలిసి ఐ-కమ్యూనిటీ పేరుతో ఒక ప్రయోగం చేశాయి. పల్లెల్లో సమాచార కేంద్రాలు తెరిచి కంప్యూటర్లు పెట్టాయి. అప్పుడు యంత్రం ఊరికొకటి, దాన్ని చూసుకోవడానికి నేర్చినవాడొకడు. ఇప్పుడు యంత్రం జేబుకొకటి. చూసుకునేవాడు ఎవరికి వారే. మదనపల్లె టమోటా మార్కెట్లో రేటు ఎంత పలికిందో తెల్లారేసరికి ప్రతి రైతు ఫోనుకూ వచ్చేస్తుంది. 2023 జులైలో కిలో 200 రూపాయల దాకా వెళ్లిన రోజుల్లోనైతే మనుషులు ఫోను పక్కన పెట్టి అన్నం తినలేదు. ఆ మెసేజ్‌ను ఒక్కటంటే ఒక్కటి వదలరు. దాని కిందే "భద్రతా అప్‌డేట్ అందుబాటులో ఉంది" అని ఒకటుంటుంది. దాన్ని మాత్రం వేలితో పక్కకు తోసేస్తారు. వాళ్లను అనుకోవడానికేమీ లేదు. రేటు కబురు బస్తాల భాషలో వస్తుంది. ఇది "మీ పరికరం", "సిస్టమ్ స్థిరత్వం" అంటూ ఏ ఊళ్లోనూ ఎవరూ మాట్లాడని తెలుగులో వస్తుంది. ఫోనును "పరికరం" అన్న మనిషిని నేనింకా చూడాలి.

కావాలంటే ఇప్పుడే ఒక పని చేయండి. మీ ఆండ్రాయిడ్ ఫోనులో సెట్టింగ్స్ తెరిచి, ఫోను గురించి చెప్పే చోటుకో, సెక్యూరిటీ అన్న చోటుకో వెళ్లండి. సెక్యూరిటీ ప్యాచ్ అనో, భద్రతా అప్‌డేట్ అనో ఒక తేదీ కనబడుతుంది. 2015 ఆగస్టు నుంచి గూగుల్ నెలనెలా ఈ సవరణల జాబితా ప్రకటిస్తోంది. 2016 నుంచి దాన్ని రెండు మెట్లుగా చేసింది. తేదీ ఒకటితో ఉంటే ఆండ్రాయిడ్ పైభాగాలకు ఆ నెల సవరణలు అందినట్టు. ఐదుతో ఉంటే కెర్నెల్‌కు, చిప్‌లకు సంబంధించినవి కూడా అందినట్టు. ఆ రోజు దాకా నేనది కొన్న తేదీ అనుకునేవాణ్ణి. నవ్వకండి.

డర్టీ కౌ సవరణ ఆండ్రాయిడ్‌కు 2016 డిసెంబరు జాబితాలో వచ్చింది. 2017 సెప్టెంబరులో ట్రెండ్ మైక్రో అనే సంస్థ, అదే కంతను వాడుకుంటున్న జెడ్‌నియు అనే దొంగ ప్రోగ్రామును పట్టుకుంది. దాని బారిన పడ్డవాళ్లు ఎక్కువగా చైనాలో, ఇండియాలో ఉన్నారని చెప్పింది. సవరణ వచ్చి తొమ్మిది నెలలయ్యాక! ఆ సవరణ ఫోను దాకా చేరకపోయిన వాళ్లు, చేరినా పక్కకు తోసినవాళ్లు ఉండే దేశాల్లోనే కదా అలాంటిది బతికేది. ఇది పాత కథ అనుకుంటారేమో. 2025 సెప్టెంబరు జాబితాలో కెర్నెల్ గడియారాల లెక్క చూసే భాగంలోని ఒక లోపాన్ని సరిచేస్తూ, దీన్ని అప్పటికే కొందరిమీద వాడుతున్న సూచనలున్నాయని గూగుల్ చెప్పింది.

ఒక మాట ఒప్పుకోవాలి. మన చుట్టుపక్కల డబ్బు పోగొట్టుకున్నామని చెప్పేవాళ్ల కథలు వింటుంటే, ఎక్కువగా కెర్నెల్ కంతతో పనే లేకుండా పోయినవే. ఓటీపీ నోటితో చెప్పేశారు, లేదా వాట్సాప్‌లో వచ్చిన ఏదో ఫైలు నొక్కారు. 2024, 2025ల్లో పీఎం కిసాన్ పేరుతో, బండి చలానా పేరుతో వచ్చిన ఏపీకే ఫైళ్ల మోసాలు పేపర్లో ఎన్నిసార్లు చదివామో! అయితే ఆ ఫైలును నొక్కినప్పుడు కూడా ఫోను కొత్త సవరణలతో ఉంటే అది అడిగి, అనుమతి తీసుకుని గానీ ఏమీ చేయలేదు. పాత కంతలున్న ఫోనులో అడగాల్సిన పని లేకుండా లోపలికి వెళ్లే దారి దానికి దొరకొచ్చు. తేడా అక్కడుంది. అన్నట్టు, అసలైన అప్‌డేట్ కబురు ఎప్పుడూ సెట్టింగ్స్ లోపలి నుంచే వస్తుంది. ఎస్సెమ్మెస్‌లో లింకుగా రాదు, వాట్సాప్‌లో రాదు, "మీ ఫోనుకు 13 వైరస్‌లు సోకాయి" అని ఎర్రగా మెరుస్తూ రాదు. అలా వచ్చిందంటే అది కుక్క మొరుగు కాదు, దొంగే మొరుగుతున్నాడు. డబ్బు పోతే 1930కి వెంటనే ఫోను చేయాలన్నది గుర్తుంచుకోండి.

ఇదంతా మాట్లాడుకున్నాక వాడు నా ఫోను తీసుకుని చూశాడు. పోయిన నెల తేదీయే ఉంది. "పరవాలేదు మామా" అన్నాడు. తర్వాత ఊరికే, ఏదో ఆటగా, గూట్లో చార్జింగ్ పెట్టి ఉన్న మా అమ్మ ఫోను తీశాడు. కొంచెంసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత నా చేతికిచ్చాడు.

5 జూన్ 2021.

ఆ ఫోను నాదే. 2018లో కొన్నాను. కొత్తది కొనుక్కున్నాక పాతది అమ్మకిచ్చాను. మనందరి ఇళ్లలో జరిగేదే కదా. చీరలు పైనుంచి కిందికి వస్తాయి, ఫోన్లు కింది నుంచి పైకి వెళతాయి. మనవడు కొన్నది కొడుక్కి, కొడుకుది తల్లికి. అమ్మకిచ్చేటప్పుడు కొత్త గ్లాసు వేయించాను, కవరు వేయించాను, అక్షరాలు పెద్దవి చేయించాను. పెద్ద పని చేశాననుకున్నాను. నాన్న పోయాక అమ్మకు వచ్చే ఫ్యామిలీ పెన్షను పడే బ్యాంకు ఖాతా ఆ ఫోనులోనే ఉంది. పాలకు, గ్యాసుకు, మందులకు ఆ ఫోను నుంచే కడుతుంది. ఆ యాప్ పెట్టించింది కూడా నేనే. అప్పుడు గర్వంగా నలుగురికీ చెప్పుకున్నాను కూడా, మా అమ్మ ఈ వయసులో ఫోనుతో డబ్బులు కడుతుందని.

"అప్‌డేట్ రాలేదా దీనికి? నేనెప్పుడూ రావడం చూడలేదే" అన్నాను.

"రాదు మామా. కంపెనీ ఆపేసింటాది. రెండు మూడేండ్లు పంపుతారు, చాలిస్తారు. కెర్నెల్లో కంత పడుతూనే ఉంటాది, అక్కడ పూడుస్తూనే ఉంటారు. దీనికి మాత్రం ఎవురూ చెప్పరు."

నమ్మలేక నేనే సెట్టింగ్స్‌లోకి వెళ్లి, అప్‌డేట్ కోసం వెతకమని నొక్కాను. ఒక చక్రం కాసేపు తిరిగింది. తర్వాత తెర మీద పచ్చగా ఒక టిక్కు పడి, కింద అచ్చ తెలుగులో వచ్చింది: "మీ సిస్టమ్ తాజాగా ఉంది."

ఇన్నేళ్లలో నాకు కంప్యూటరు మీద అంత కోపం ఎప్పుడూ రాలేదు. అబద్ధం కూడా కాదది, వాడి లెక్కలో. పంపడానికి వాళ్ల దగ్గర ఇంకేమీ లేదు కాబట్టి ఉన్నంతలో తాజా. మందు గడువు తీరిపోయిందని షాపువాడు చెప్పకపోగా, ఇంతకన్నా కొత్త సీసా మా దగ్గర లేదండీ, ఇదే తాజా అన్నట్టు. నెలనెలా ఫోను రీస్టార్ట్ చేయమని విసిగిస్తోందని నేను నా ఫోనును ఎన్నిసార్లు తిట్టుకున్నానో! అమ్మ ఫోను ఏనాడూ విసిగించలేదు. ఎంత బుద్ధిమంతురాలో అనుకున్నాను.

ఇప్పుడు కొన్ని కంపెనీలు ఎక్కువ ఏళ్లు పంపుతామని మాటిస్తున్నాయి. 2023 అక్టోబరులో గూగుల్ పిక్సెల్ 8కు, 2024 జనవరిలో శామ్‌సంగ్ తన ఎస్ 24కు ఏడేళ్లు అన్నాయి. అవి ఖరీదైన ఫోన్లు. పదివేల లోపు ఫోను కొనేవాళ్లు కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లని అడుగుతారు గానీ ఎన్నేళ్లు కబుర్లు పంపుతావని అడగరు. అడిగితే షాపులో కుర్రాడు తెల్లమొహం వేస్తాడు, నేను మదనపల్లెలో మూడు షాపుల్లో అడిగి చూశాను. అయినా అడగండి. పదిమంది అడిగితే డబ్బా మీద అచ్చు వేస్తారేమో. 

ఆ సాయంత్రం మావాడు అమ్మ ఫోనులోంచి బ్యాంకు యాప్ తీసేసి, ఫోను మొత్తం చెరిపేసి, మళ్లీ శుభ్రంగా పాటలు, మనవరాళ్ల ఫొటోలు మాత్రం పెట్టాడు. సిమ్ము తీసి, అటకమీదున్న పాత బటన్ల ఫోను దించి అందులో వేశాడు. బ్యాంకు మెసేజ్‌లు దానికే వస్తాయి. పాలకూ గ్యాసుకూ నేను ఇక్కడి నుంచి కడతాను, కొత్త ఫోను కొనేదాకా.

అమ్మకు ఇదేమీ నచ్చలేదు. "బాగుండే ఫోనును ఎందుకురా పాడు చేస్తారు? అదే చెప్తా ఉంది కదా బాగుండానని" అంది. పచ్చ టిక్కు ఆమె కూడా చూసింది మరి. కాసేపాగి, "ఆ కబుర్లు పంపేవాళ్లకు దుడ్లు యా వరకు ఇస్తారు?" అని అడిగింది. కొందరికి కంపెనీలు జీతాలిస్తాయి, కొందరు ఊరికే చేస్తారు అన్నాడు మావాడు. "ఊరికేనా? చెరువు కట్టకు మనోళ్లు ఒక్కడూ రాడే" అని గొణుక్కుంటూ పశువులకు మేత వేయడానికి వెళ్లిపోయింది.

పది రోజుల తర్వాత తెల్లవారుజామున ఐదు గంటలకు మదనపల్లెలో నా ఫోను మోగింది. అమ్మ నంబరు. గుండె జారిపోయింది. 

"ఏమైందమ్మా?"

"ఏమీ లేదు. మెలకువ వచ్చింది. ఈ పొద్దు అబ్బోడికి కబురేమైనా వచ్చిందేమో కనుక్కో."